పలుగు, పార, తుపాకి: మద్రాసు సాపర్ల చరిత్రము

మన సంఘ మహాసభలు జరిగినపుడెల్ల పూర్వుల పరాక్రమమును గూర్చిన ప్రసంగములు వినబడుచుండును. ఒకరు కోటలను, వేఱొకరు దండనాయకులను, మఱియొకరు శాసనములలోని బిరుదులను స్మరింతురు. అది యుచితమే. తన పూర్వుల నెఱుగని సంఘము తన్ను దా నెఱుగజాలదు. కాని యీ ప్రసంగములలో నొక కొఱత కలదు. సేన యనగా కత్తి పట్టినవాడు, గుఱ్ఱ మెక్కినవాడు మాత్రమే యని మన మెంచుచున్నాము. ఆ గుఱ్ఱము నడచుటకు దారి తీసినవాడు, ఏటిపై వంతెన కట్టినవాడు, కోటగోడకు నిచ్చెన మోసినవాడు మన చరిత్రలలో గానరాడు. వాడు లేనిదే ఏ సేనయు పది కోసులు నడువలేదు.

ఈ వ్యాసమున మద్రాసు సాపర్లనబడు దళము యొక్క చరిత్రమును సంగ్రహముగా జెప్పబూనితిని. ఇది యేదో యొక కులపు చరిత్రము కాదు. అందు తెలుగువారు, తమిళులు, మలయాళులు, కన్నడిగులు కలరు. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు కలరు. ఐనను కులసంఘ మహాసభ సంచికలో దీనికి స్థానముండదగినదని నా యభిప్రాయము. శౌర్యము పుట్టుకతో వచ్చునా, పనితో వచ్చునా యను ప్రశ్న కీ దళము యొక్క చరిత్రము స్పష్టమైన సమాధానము చెప్పుచున్నది.

తిలంగా యను పేరు

మొదట మన దేశపు పేరుతో ముడిపడిన యొక మాట. 1756 అక్టోబరులో క్లైవు మద్రాసునుండి ఓడలపై వంగదేశమునకు బయలుదేరినపుడు అతనివెంట సుమారు 900 మంది ఐరోపా సైనికులును, 1500 మంది సిపాయిలును పోయిరి. 1757 జనవరిలో కలకత్తాను మరల బట్టుకొనుటకును, ఆ యేటనే జూన్ 23వ తేదీన ప్లాసీలో గెలుచుటకును తోడ్పడినవారిలో వీరును గలరు. ఐరోపా పద్ధతిని కవాతు నేర్చి, ఒకేతీరు దుస్తులు ధరించిన స్వదేశీయ భటులను వంగదేశీయులు చూచుట యదియే మొదలు. వీరు తెలింగ దేశమునుండి వచ్చినవారని తలంచి వారిని ‘తిలంగా’లనిరి. అందఱును తెలుగువారు గాకపోయినను పేరు మాత్రము నిలిచిపోయెను.

తరువాత ఉత్తర హిందూస్థానమున తిలంగా యనగా సిపాయి యనియే యర్థమయ్యెను. 1857లో ఢిల్లీనగరమును బట్టుకొనిన ఔధు ప్రాంతపు సిపాయిలనుగూడ ఆ నగరవాసులు తిలంగాలనియే పిలిచిరి. ఏ జాతిని పిమ్మట యుద్ధమునకు బనికిరానిదని ఆంగ్లేయులు త్రోసివైచిరో, ఆ జాతి పేరే యొక శతాబ్దముపాటు ఉత్తరదేశమున సిపాయికి బర్యాయపదమై యుండెను! ఈ సంగతిని జదువరులు మనస్సున నుంచుకొందురు గాక.

దళము పుట్టుక

1780వ సంవత్సరము కంపెనీవారికి గడ్డుకాలము. హైదరాలీ ఆ వేసవి చివర కర్ణాటక ప్రాంతముపై విఱుచుకుపడెను. సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరువద్ద కర్నలు బెయిలీ సేన సంపూర్ణముగ నాశనమయ్యెను. ఈ యపజయమునకు గారణములు పెక్కులు. ఐనను ఒక కొఱత యందఱకును దెలిసివచ్చెను. చెఱువులు, కాలువలు, ముండ్లపొదలు నిండిన దేశమున ఫిరంగులను, సామానుబండ్లను నడిపించుటకు బ్రత్యేకమైన శిక్షణ గల మనుష్యులు లేరు. ఇరువది దినములు గడచిన పిమ్మట, 1780 సెప్టెంబరు 30వ తేదీన, చెన్నపట్టణపు సెంటు జార్జికోటలో ‘పయొనీర్లు’ అను పేర రెండు కంపెనీలు నెలకొల్పబడెను. వానిని సమకూర్చినవాడు ఫిరంగిదళమునకు జెందిన లెఫ్టినెంటు జోసెఫు మూర్‌హౌసు. ఇతడు పదునొకండేండ్ల తరువాత, 1791 మార్చి 7వ తేదీన, బెంగుళూరు పేటను ముట్టడించునపుడు ద్వారమువద్ద గూలెను.

ఈ దళము పుట్టిన మూడవనాడే, అనగా అక్టోబరు 3వ తేదీన, విశాఖపట్టణమున వేఱొక సంఘటన జరిగెను. ఉత్తర సర్కారుల సిపాయిలను ఓడపై మద్రాసునకు బంపదలచగా వారు తిరుగబడి తమ యధికారులలో గొందఱిని జంపిరి. సముద్రయానమన్న ఆ కాలపు సిపాయికి ఎంత విముఖత యుండెనో దీనివలన దెలియుచున్నది. ఈ రెండు సంఘటనములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. ఏలన, తరువాతి నూఱేండ్లలో మద్రాసు పయొనీర్లు దాటిన సముద్రములకు లెక్కలేదు.

వారి పని

పయొనీరు పని యెట్టిదో సంగ్రహముగా జెప్పెదను. సేనకు ముందు నడచుట, అడవిని గొట్టుట, వాగులకు గట్లు తెగవేసి ఫిరంగి దిగుటకు వాలుదారి చేయుట, చక్రములు బురదలో గూరినపుడు ఎత్తుట, దండు విడిసినచోట నీటికి గుంటలు త్రవ్వుట, ఇవి నిత్యకృత్యములు. కోటను ముట్టడించునపుడు ఈ పని పదిమడుగు లగును. శత్రువుల గుండ్లు పడుచుండగా రాత్రివేళ కందకములు త్రవ్వుచు గోడకు సమీపింపవలెను. ఇసుకబస్తాలు, కట్టెమోపులు, నిచ్చెనలు మోయవలెను. తక్కిన భటునకు చేతిలో తుపాకి యుండును. కాల్చినవాని దిరిగి కాల్చవచ్చును. పయొనీరు చేతిలో పలుగుండును. తన్ను గొట్టువానిని దా గొట్టక, తన పనిని దాను విడువక నిలువవలసినవాడు వీడు. ఇట్టి ధైర్యము రణోత్సాహమువలన బుట్టునదికాదు, అభ్యాసమువలన బుట్టునది.

1781 సెప్టెంబరు 27వ తేదీనాటి షోళింగరు యుద్ధము ఈ దళపు గౌరవపట్టికలో జేరినది. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణమును బట్టుకొనిననాడు కావేరిని దాటి, గండిపడిన గోడపై కెగబ్రాకిన సేనతో వీరును గలరు. 1803 సెప్టెంబరు 23వ తేదీన అస్సాయీలోను గలరు.

కాని ఈ పని యొక్క స్వరూపము తెలియవలెనన్న ఆ యేటి డిసెంబరులో జరిగిన గావిల్‌గఢు ముట్టడిని జూడవలెను. విదర్భలో సాత్పురా కొండలపై నున్న యా దుర్గమునకు దక్షిణమున నిట్రముగా లోయ. ఉత్తరమునుండి మాత్రమే కొట్టుటకు వీలు. అచ్చటికి బండిదారి లేదు. హైదరాబాదు సహాయసేనకు నాయకుడైన కర్నలు స్టీవెన్సను తన బలగముతో ఎలిచ్‌పురమునుండి కదలి, కొండలగుండ సుమారు 30 మైళ్లు క్రొత్తగా దారి చేయించుచు, పెద్దఫిరంగులను మనుష్యులచేతనే లాగించుచు, డిసెంబరు 7 మొదలు 12 వఱకు నడిపించెను. 15వ తేదీన కోట పడెను. ఎక్కినవారి పేరులు చరిత్రలో నున్నవి. ఎక్కుట మూడు గడియల పని. దారి వేయుట ఆఱు దినముల పని. ఆ యాఱు దినములు లేనిదే ఈ మూడు గడియలు లేవు.

సముద్రములు దాటుట, కలసి యుండుట

1811లో జావా ద్వీపమునకు, 1824లో బర్మాకు, 1840లో చీనాకు ఈ దళమువారు పోయిరి. 1831లో పయొనీర్ల మొదటి పటాలము ‘మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్’ అను పేరు దాల్చెను. సాపరనగా కోటవైపునకు కందకము త్రవ్వుచు బోవువాడు. మైనరనగా నేలక్రింద సొరంగము త్రవ్వి మందు కూరి పేల్చువాడు. 1868లో అబిసీనియా కొండలలోని మగ్దలా దుర్గమువఱకును, 1882 సెప్టెంబరు 13వ తేదీన ఈజిప్టులోని తెల్-ఎల్-కెబీరువఱకును వీరు పోయిరి.

విశాఖలో సముద్రమునకు వెఱచి తిరుగబడిన జనులకును, జావాకు బోయిన జనులకును రక్తమున భేదమేమి? ఏమియు లేదు. భేదము కట్టుబాటులలోను, నమ్మకములోను, నాయకత్వములోను గలదు. మద్రాసు సేనలో కులమునకొక కంపెనీ యను నేర్పాటు చిరకాలము లేదు. ఒకే కంపెనీలో బలువిధముల జనులు ప్రక్కప్రక్కన నిలిచిరి. సిపాయి కుటుంబము పటాలముతోగూడ నూరూర దిరుగుచుండెను. బళ్లారి, సికిందరాబాదు, నాగపురము ప్రక్కనున్న కాంప్టీ మున్నగు దండుప్రదేశములలో దక్షిణదేశపు కుటుంబములు స్థిరపడుట కిదియు నొక కారణము.

అట్లని మద్రాసు సిపాయి తన యాచారములను విడిచినవాడు కాడు. 1806 జూలై 10వ తేదీన వేలూరులో జరిగిన తిరుగుబాటే యిందుకు నిదర్శనము. నొసటిబొట్టును, చెవిపోగులను నిషేధించి, గడ్డమును దీయించి, క్రొత్తరకపు తలపాగాను బెట్టుమనగా సిపాయిలు తెల్లవారకమునుపే లేచి కోటను బట్టుకొనిరి. మర్యాద గాపాడినచోట సప్తసముద్రములు దాటినవాడే, మర్యాద చెఱచినచోట ప్రాణములకు దెగించెను.

ఈ సందర్భమున నొక సత్యమును దాచరాదు. ఈ దళము కొలిచినది పరప్రభువును. 1858లో లక్నోను బట్టుకొనుటకు వీరు పోయినపుడు ఎదుట నిలిచినవారు సాటి భారతీయులు. ఉత్తరదేశమున తిలంగాలనబడిన సిపాయిలపై నిజమైన తెలింగ దేశపు సాపర్లును నిలిచిరి! చరిత్ర వ్రాయువాడు పూర్వుల నేర్పును గీర్తించునపుడు, ఆ నేర్పు ఎవరి ప్రయోజనమునకై వినియోగపడెనో గూడ జెప్పవలెను.

శాంతికాలమునందు

యుద్ధము లేనపుడు ఈ పనిముట్లు త్రుప్పుపట్టలేదు. నీలగిరులకు బోవు కూనూరు కనుమదారిని 1830-32 ప్రాంతమున పయొనీర్లు వేసిరి. సాపర్లకు నాయకత్వము వహించిన మద్రాసు ఇంజనీర్ల దళమునుండియే ఆర్థరు కాటను వచ్చెను. ఇతడు మొదటి బర్మాయుద్ధమున బనిచేసిన సైనికాధికారి. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమువద్ద గోదావరి యానకట్టను గట్టించిన మహనీయుని మన డెల్టావాసు లెవ్వరును మఱువరు. ఆ యానకట్టకు ఱాళ్లు మోసి కట్టినవారు మన దేశపు కూలీలు. కోటలు పడగొట్టు విద్యయు, నదులు కట్టు విద్యయు నొకే దళపు నీడను బెరిగిన సంగతి మనము గమనింపదగినది.

వీరజాతి వాదము

ఇక నసలు విషయము. 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సేనాధిపతిగను, పిమ్మట 1893 వఱకు సర్వహిందూదేశ సేనాధిపతిగను ఉన్న రాబర్ట్సు ప్రభువు మద్రాసు సిపాయిని బరీక్షించి, ఇతనిలో పూర్వపు సైనికధర్మము నశించినదని తీర్మానించెను. చిరకాలపు శాంతియు, సుఖమును దక్షిణాదివారిని మెత్తబఱచెనని యతని వాదము. ఉత్తరపు కొన్ని జాతులు పుట్టుకతోనే వీరులు, దక్షిణపువారు కారు అను సిద్ధాంత మీ కాలమున బలపడెను.

ఈ వాదమున గొంత సత్యము లేకపోలేదు. మద్రాసు పదాతిదళములు చిరకాలము దండుప్రదేశములలో గాపలా కాచుచు గూర్చుండెను. చుఱుకైన యధికారులు వాయవ్యపు సరిహద్దునకు బోగోరిరి. కాని దీనినుండి తీసిన సిద్ధాంతము చక్రమువలె దిరుగునది. యుద్ధమునకు బంపలేదు గనుక యుద్ధము చేయలేదు. యుద్ధము చేయలేదు గనుక చేయజాలడు. చేయజాలడు గనుక పంపరాదు. ఈ తర్కమునకు లోబడిన జాతి ఎన్నటికి పైకి రాగలదు?

రాబర్ట్సు మద్రాసున నుండగనే దీనికి సమాధానము దొరకెను. 1885 మార్చి 22వ తేదీన సూడానులో, సువాకిను సమీపమున తోఫ్రెకు అను చోట, సైన్యము ముండ్లకంచె కట్టుకొనుచుండెను. మద్రాసు సాపర్లు పొదలు నఱకు పనిలో నుండిరి. కంచె పూర్తికాకమునుపే శత్రువులు వేలకొలదిగ వచ్చి పైబడిరి. పని ముట్లు చేతనున్నవారు పనిముట్లతోను, తుపాకు లందినవారు తుపాకులతోను బోరాడిరి. శత్రువు తుదకు వెనుకకు ద్రోయబడెను. తోఫ్రెకు అను పేరు సాపర్ల గౌరవపట్టికలో జేరెను. ఈ సాపర్లు ఏ జిల్లాలనుండి వచ్చిరో, ‘మెత్తబడిన’ పదాతులును ఆ జిల్లాలనుండియే వచ్చిరి.

ఐనను సిద్ధాంతము మాఱలేదు. మద్రాసు పదాతిదళములు ఒక్కొక్కటిగ రద్దుచేయబడెను; కొన్నిటి సంఖ్యలు మాత్రము మిగిల్చి, ఆ సంఖ్యలక్రింద నన్యప్రాంతీయులను జేర్చిరి. 1890లో ‘పదవ మద్రాసు పదాతిదళము’ అను పేరు బర్మాలో గూర్చిన వేఱొక దళమునకు బోయి, 1901 నాటికి పదవ గూర్ఖా రైఫిల్సుగ మాఱెను. మొదటి మహాసంగ్రామము పిమ్మట మిగిలిన పటాలములను గలిపి 3వ మద్రాసు రెజిమెంటు చేసిరి. 1928 నాటికి దానినిగూడ పొదుపు పేర రద్దుచేసిరి. 1933లో మద్రాసు పయొనీర్ల దళమును బోయెను. మిగిలినది సాపర్లు.

వీరేల మిగిలిరి? దయచేత గాదు, పక్షపాతముచేత గాదు. వారు లేక సాగదు గనుక మిగిలిరి. శౌర్యమును గూర్చి ఎవ్వడేమైన వ్రాయవచ్చును; వంతెన నిలిచినదా, కూలినదా యనుదానిని వాదముతో మాఱ్పనేరడు. కొలువబడు పని గలవానిని నింద యంటదు.

ఇరువదవ శతాబ్దమున

1912లో బెంగుళూరున ఈ దళపు కాప్టెను మెక్లింటాకు ఒక సాధనము కల్పించెను. మందు కూరిన యినుపగొట్టములను ఒకదానికొకటి తగిలించి ముండ్లతీగల క్రిందుగా ద్రోసి పేల్చినచో దారి యేర్పడును. ‘బెంగుళూరు టార్పిడో’ యను పేర నది లోకమంతట వ్యాపించెను. 1944లో నార్మండీ తీరమున దిగిన సేనలుగూడ దానిని వాడెను.

ఆ 1944లోనే, ఫిబ్రవరి 24వ తేదీన, ఇటలీలోని మిన్యానోవద్ద మద్రాసు సాపరు సుబేదారు సుబ్రమణియన్, తనవారి నడుమ నొక మైను పేలబోవుచున్నదని గ్రహించి, దానిపై దానే పడి తక్కినవారిని గాపాడి మరణించెను. మరణానంతరము జార్జి క్రాసు ఈయబడెను. చెంగల్పట్టు జిల్లాలోని యొక గ్రామమున బుట్టినవాడితడు. ఏ వీరజాతిపట్టికలో నితని గ్రామమును వెదకవలెను?

రెండవ మహాసంగ్రామమున మనుష్యులు కావలసివచ్చిన వెంటనే ఆంగ్లేయుల సిద్ధాంతము సడలెను. మద్రాసు రెజిమెంటు మరల నెలకొల్పబడెను. స్వాతంత్ర్యము వచ్చిన మఱుచటి సంవత్సరమే సాపర్లకు స్వదేశరక్షణకై గొప్పపరీక్ష తటస్థించెను. కాశ్మీరమునుండి లడఖునకు బోవు జోజీలా కనుమ 11,000 అడుగులకు బైబడిన యెత్తున నున్నది. శత్రువు దానిని మూసివేసెను. జనరలు తిమ్మయ్య అచ్చటికి టాంకుల నెక్కింపదలచెను. ఉన్నది గాడిదలు నడుచు కాలిబాట. మేజరు తంగరాజు నాయకత్వమున మద్రాసు సాపర్లు, సముద్రతీరపు టెండలలో బెరిగినవారు, ఆ చలిలో, శత్రువు దృష్టిక్రింద, ఱాతిని బేల్చి బాటను వెడల్పుచేసిరి. 1948 నవంబరు 1వ తేదీన టాంకులు కనుమను దాటెను. పూర్వము పరప్రభువునకు వినియోగపడిన నేర్పు నాడు స్వదేశమునకు వినియోగపడెను. నేడు ఆ దళము మద్రాసు ఇంజనీరు గ్రూపు అను పేర బెంగుళూరు కేంద్రముగ వర్ధిల్లుచున్నది. అందలి భటుని ‘తంబి’ యని, అనగా తమ్ముడా యని, పిలుచుట యాచారము. కులము నడుగని పిలుపది.

మన కర్తవ్యము

ఆంగ్లేయుల సిద్ధాంతమువలన గలిగిన గొప్పకీడు పటాలములు రద్దగుట కాదు. మనము దానిని నమ్ముట. ఫలాన కులము వీరకులము, ఫలాన కులము కాదు అని వారు పట్టికలు వ్రాయగా, దేశమున బెక్కు సంఘములు ఆ పట్టిక తప్పని చెప్పక, తమ పేరు నందు జేర్పుమని యర్జీలు పెట్టుకొనెను. తన్ను నిందించిన త్రాసునే తెచ్చి యితరులను దూచుటకు బూనుట వివేకము కాదు. ఒక సంఘము తన పూర్వులు వీరులని చెప్పుకొనుటకు పొరుగుసంఘము పిఱికిదని చెప్పనక్కఱలేదు. మద్రాసు సాపర్ల కంపెనీలో నీ ప్రశ్నయే పుట్టలేదు. కందకమున బ్రక్కవాడు త్రవ్వుట మానినచో తానును జచ్చును.

మఱియొక సంగతి. పలుగు పట్టుట తక్కువపనియని, కత్తి పట్టుట యెక్కువపనియని తలంచుచున్నంతకాలము మన చరిత్రము సగమే వ్రాయబడును. మన గ్రామములలో, దండుప్రదేశములలో, సాపర్లుగను, పయొనీర్లుగను, బండ్లు తోలినవారుగను, వైద్యదళములలో డోలీలు మోసినవారుగను పనిచేసిన పెద్దల కుటుంబములు నేటికిని గలవు. వారి యిండ్లలో పింఛను కాగితములు, పతకములు, సేవాపుస్తకములు పెట్టెల యడుగున చెదలు తినుచున్నవి. పతకపు అంచున సిపాయి సంఖ్యయు, పేరును, దళమును జెక్కబడియుండును. ఆ యొక్క పంక్తినుండి ఒక జీవితచరిత్రము లేవదీయవచ్చును. మహాసభకు వచ్చిన ప్రతినిధులు తమతమ యూళ్లకు బోయిన పిమ్మట ఇట్టివానిని వెదకి, నకలు వ్రాయించి, సంఘకార్యాలయమునకు బంపినచో, రాబోవు సంచికలలో బిరుదుల పట్టికలకు బదులు మనుష్యుల చరిత్రములు ప్రకటింపవచ్చును. ఏ కులపువాడని వేఱుచేయక, ఆ యూరి సైనికులందఱి పేరులను వ్రాయుడు. వారు కలసి త్రవ్విన కందకమును మనము కులములుగ విభజింపరాదు.

దారి వేసినవాని పేరు దారిపై నుండదు. దానిని వ్రాసి నిలుపుట ఆ దారిని నడచువారి ధర్మము.